ఆన్‌లైన్ చెస్ బ్లిట్జ్‌లో 2300 రేటింగ్ దాటినవాళ్ళ ఆట ఎలా ఉంటుంది?

మీ ప్రశ్నలో మూడు ముక్కలున్నాయి. ఆన్‌లైన్ చెస్‌లో బ్లిట్జ్ (ఒక్కొక్కరికి మూడు నుంచి ఐదు నిమిషాలుండే ఆట) 2300 రేటింగ్ పైన ఆడేవాళ్ళ ఆట తీరు ఎలా ఉంటుంది, అక్కడిదాకా ఎలా వెళ్ళారు, 1800 దగ్గర ఆగిపోయినవాళ్ళు బుల్లెట్ (ఒకటి రెండు నిమిషాల ఆట) ఎక్కువ ఆడితే లాభముంటుందా అని. నేను 2000 చుట్టుపక్కల ఊగిసలాడే మనిషిని, కాబట్టి నా గొప్పలేం లేవు. ఇద్దరం 1750 దగ్గర ఉన్నప్పుడు పరిచయమై, ఇవాళ 2350 దగ్గర ఆడుతున్న ఒకతని గురించి చెప్తాను. ముఖం చూడలేదు, అసలు పేరు తెలీదు. చాట్‌లో నన్ను "అన్నా" అంటాడు, అంతవరకే మా చుట్టరికం. అతని ఆటలు మాత్రం వందల్లో తిరగేశాను. లీచెస్ అనే చెస్ సైట్‌లో ఎవరి ఆటలైనా తెరిచి చూసుకోవచ్చు, ఏ ఎత్తుకు ఎంతసేపు ఆలోచించారో కూడా కనిపిస్తుంది. నా జవాబులో ఎక్కువ భాగం ఆ సెకన్ల గురించే.

ముందు అంకెల సంగతి. ఇక్కడ నేను చెప్పేవన్నీ లీచెస్ బ్లిట్జ్ రేటింగులు. అక్కడ కొత్తవాళ్ళకి 1500తో మొదలవుతుంది, లెక్క గ్లికో-2 పద్ధతిలో వేస్తారు. అదే ఆటగాడికి చెస్ డాట్ కామ్‌లో మామూలుగా ఇంతకన్నా తక్కువ అంకె కనిపిస్తుంది. ఫిడే (ప్రపంచ చెస్ సమాఖ్య) రేటింగ్ ఇంకో లోకం. 2024 డిసెంబర్ జాబితాలో అర్జున్ ఎరిగైసి 2801కి చేరాడంటే అది గంటల తరబడి బోర్డు ముందు కూర్చుని ఆడే క్లాసికల్ ఆటలో వచ్చింది. దాని పక్కన ఆన్‌లైన్ 2350ని పెట్టి చూడకండి. అలాగని ఇది తక్కువేం కాదు. రేటింగుల లెక్క ప్రకారం 200 పాయింట్ల తేడా ఉన్న ఇద్దరు వంద ఆటలు ఆడితే పైవాడికి దాదాపు 76 పాయింట్లు రావాలి. 1800కీ 2350కీ మధ్య 550 ఉంది. వందలో నాలుగైదు ఆటలు లాక్కోగలిగితే గొప్ప.

ఇక ఆట తీరు. అతని ఆటలు వరసపెట్టి చూస్తే మొదట నిరాశ కలుగుతుంది. రూక్ బలిచ్చి చెక్‌మేట్ చేయడం లాంటివి చాలా అరుదు. క్వీన్లు మారిపోతాయి, బంట్లు ఒక్కో గడి జరుగుతాయి, నలభయ్యో ఎత్తు దగ్గర ఎదుటివాడు రిజైన్ చేస్తాడు. ఎక్కడ ఓడిపోయాడో వెనక్కి వెళ్ళి వెతికినా వెంటనే దొరకదు. గడియారాలు పక్కన పెట్టుకుని చూసినప్పుడే నాకు విషయం అర్థమైంది.

ఒక ఆట చెప్తాను. నల్లపావులతో ఇ4కి అతని జవాబు ఎప్పుడూ కారో-కాన్ అనే ఓపెనింగ్ (ఆట మొదట్లో వేసే ఎత్తుల వరస): ఇ4, సి6, డి4, డి5. అక్షరం నిలువు వరస, అంకె అడ్డ వరస, రెండూ కలిస్తే గడి పేరు. తెల్లవాడు డి5 దగ్గర బంట్లు మార్చుకున్నాడు. తర్వాత బిషప్‌ను డి3కి, బంటును సి3కి, రెండో బిషప్‌ను ఎఫ్4కి తెచ్చుకున్నాడు. పాత వరసే. 1970లో బెల్‌గ్రేడ్‌లో బాబీ ఫిషర్ మాజీ ప్రపంచ ఛాంపియన్ పెట్రోసియన్‌ను ఓడించిన ఆట కూడా ఇలాగే మొదలవుతుంది. ఈ పొజిషన్‌లో మావాడు చేసే పని మారదు. తెల్లగళ్ళ బిషప్‌ను జి4కి తెచ్చి, వీలైతే హెచ్5, జి6 మీదుగా తిప్పి డి3లో ఉన్న బిషప్‌తో మార్చేస్తాడు. రాజు మీద తెల్లవాడు చేసే దాడికి ప్రాణం ఆ డి3 బిషప్పే. తర్వాత ఇ6, నల్లగళ్ళ బిషప్పుల మార్పు, క్యాసిలింగ్ (రాజును ఓ పక్కకి జరిపి రూక్‌ను దాని పక్కన నిలపడం), రూక్ బి8కి. ఆపైన బంటు బి5, బి4. ఆ వైపు తనకున్న రెండు బంట్లతో ఎదుటివాడి మూడు బంట్ల మీదికి వెళ్ళడమన్నమాట, దీన్నే మైనారిటీ అటాక్ అంటారు. బంట్లు మారాక తెల్లవాడి సి3 బంటు వెనకబడిపోయి, సి ఫైల్‌లో నల్లరూక్‌కు ఎదురుగా దొరికిపోతుంది. దాన్ని కాపాడుకుంటూ మిగతా ఆటంతా ఆడాలి.

ఆట 3+2, అంటే మూడు నిమిషాలు, ఎత్తుకు రెండు సెకన్లు అదనం. పదో ఎత్తు అయ్యేసరికి మావాడి గడియారంలో 3 నిమిషాల 8 సెకన్లున్నాయి. మొదలుపెట్టినప్పటికన్నా ఎక్కువ! ఎదుటివాడు అప్పటికే 2 నిమిషాల 10 సెకన్లకు దిగాడు. అతనూ 2300 ఆటగాడే, చెత్త ఎత్తులేమీ ఆడలేదు. ప్రతి ఎత్తుకూ ఏడేసి సెకన్లు ఆలోచించాడు, అంతే.

పదిహేడో ఎత్తు దగ్గర మావాడు ఆగాడు. తెల్లవాడు గుర్రాన్ని ఇ5లో దింపాడు. దాన్ని తీస్తే డి4 బంటు ఇ5కి వచ్చి ఎఫ్6 గుర్రాన్ని తరుముతుంది, రాజు దగ్గర కాపలా పలచబడుతుంది. తీయకపోతే ఆ గుర్రం అక్కడే కూర్చుని, వెనకాల ఎఫ్4 బంటు కూడా చేరుతుంది. ఇక్కడ 38 సెకన్లు తీసుకున్నాడు. తర్వాత ఇ5 గుర్రాన్ని ముట్టుకోకుండా తన సి6 గుర్రాన్ని ఎ5కి, అక్కణ్ణుంచి సి4కి పంపాడు. ఆ ఆటలో అంతసేపు ఆలోచించింది మళ్ళీ ఒక్కసారే, రూక్‌ల ఎండ్‌గేమ్‌లోకి (కొద్ది పావులే మిగిలే ఆఖరి దశలోకి) దిగాలా వద్దా అన్న చోట. మిగతావన్నీ రెండు మూడు సెకన్ల ఎత్తులు.

1800 దగ్గర ఆడేవాళ్ళ ఆటలు తెరిచి చూడండి. ప్రతి ఎత్తుకూ నాలుగైదు సెకన్లు. బంటు తిరిగి తీసుకోవడం తప్ప వేరే దారి లేని చోట కూడా నాలుగు సెకన్లు, ఆట మొత్తం తిరగబడే చోట కూడా నాలుగే. తేడా ఎక్కడ అని మీరడిగారు కదా, నాకు కనిపించిన పెద్ద తేడా ఇదే. ఎక్కడ ఆగాలో అతనికి తెలుసు. ఆగడానికి కావలసిన సమయం ఓపెనింగ్‌లోనే పొదుపు చేసి పెట్టుకుంటాడు. తనకు అలవాటైన బంట్ల అమరిక వచ్చేలా చూసుకుంటాడు కాబట్టే ఆ పొదుపు కుదురుతుంది.

అన్నట్టు, ఇంజిన్ (ఎత్తులు లెక్కగట్టి చెప్పే కంప్యూటర్ ప్రోగ్రామ్) పెట్టుకుని ఆడుతున్నాడేమో అన్న అనుమానం ఎవరికైనా రావచ్చు. పైకి వెళ్ళిన ప్రతివాడి మీదా ఈ మాట పడుతుంది. ఈ సెకన్ల తీరే దానికి జవాబు. మోసం చేసేవాళ్ళలో చాలామందికి తేలిక ఎత్తుకూ కష్టమైన ఎత్తుకూ ఒకే సమయం పడుతుంది, ఎందుకంటే రెండూ వేరేచోట చూసి వేస్తున్నారు. మనిషి ఆలోచన ఎగుడుదిగుడుగా ఉంటుంది. పైగా మావాడు నెలకోసారైనా ఒక ఎత్తులో క్వీన్‌ను ఊరికే ఇచ్చేస్తాడు, ఆ తర్వాత చాట్‌లో పెట్టే ఏడుపు బొమ్మలు స్టాక్‌ఫిష్ లాంటి ఏ ఇంజినూ పెట్టలేదు.

ఓడిపోతున్న పొజిషన్లలో అతని తీరు ఇంకా నచ్చుతుంది నాకు. మామూలుగా మనం ఒక పావు పోగానే చేతులెత్తేస్తాం, లేదా ఆఖరి ఆశగా ఒక చెక్ ఇచ్చి ఇంకా మునిగిపోతాం. అతను అలాంటప్పుడు బోర్డును చిక్కుముడి చేస్తాడు. పావులు మార్చడం ఆపేస్తాడు. ప్రతి ఎత్తుతోనూ ఎదుటివాడికి రెండు మంచి దారులు కనిపించేలా చూస్తాడు. ఒకే దారి ఉంటే ఎవడైనా వెంటనే వేసేస్తాడు, రెండుంటే ఆలోచిస్తాడు, గడియారం కరుగుతుంది. వేసుకున్న ఎత్తు ఇంజిన్ లెక్కలో రెండో మూడో స్థానంలో ఉన్నా అతనికి పట్టదు.

గెలవలేని ఎండ్‌గేమ్‌లను గెలిచే పద్ధతి కూడా ఇదే. ఒక ఆటలో ఇద్దరికీ చెరో రూక్, అతనికి రాజు వైపు నాలుగు బంట్లు, ఎదుటివాడికి అదే వైపు మూడు. పుస్తకాల ప్రకారం డ్రా. తెల్లవాడు హెచ్4 దాకా బంటు తోసి పెట్టుకుంటే కాపాడుకోవడం తేలిక. మావాడు అది పడకముందే జి5 ఆడేశాడు. ఆ తర్వాత హెచ్4 ఆడితే తెల్లబంట్లే చెల్లాచెదురవుతాయి. అక్కణ్ణుంచి పదిహేను ఎత్తులపాటు ఏమీ చేయలేదు. నిజంగానే ఏమీ చేయలేదు. రాజును ఒక గడి ముందుకి, ఒక గడి వెనక్కి. రూక్‌ను ఈ చివరికి, ఆ చివరికి. ఎదుటివాడి గడియారం నలభై సెకన్ల నుంచి పదికి వచ్చింది, ఎందుకంటే కాపాడేవాడు ప్రతి ఎత్తుకూ "ఇప్పుడు తోస్తాడా" అని చూసుకోవాలి. చివరికి విసిగిపోయి రూక్‌ను వెనక వరసకు లాక్కున్నాడు. అప్పుడు కదిలాయి బంట్లు: ఇ4, ఎఫ్5, ఎఫ్4. ఇంజిన్ దాదాపు ఆఖరిదాకా సున్నాలే, అంటే ఇద్దరూ సమానమనే చూపిస్తూ ఉంది.

మాజీ ప్రపంచ ఛాంపియన్ కార్ల్‌సెన్ డ్రా పొజిషన్లను పిండి పిండి గెలుస్తాడని అందరూ చెప్పుకుంటారు. ఆ స్థాయి వేరనుకోండి, కానీ బ్లిట్జ్‌లో ఆ పద్ధతి కింది మెట్ల మీద కూడా పనిచేస్తుందని ఇతని ఆటలు చూశాక నమ్మాను.

ఇప్పుడు రెండో ముక్క, ఎలా ఎదిగాడన్నది. మొదట్లో అతను ఇప్పటి మనిషే కాదు. 1750 రేటింగ్ రోజుల్లో గుడ్డెద్దు చేలో పడ్డట్టు ఆడేవాడు. తెల్లపావులతో ఇ4, ఇ5, గుర్రం ఎఫ్3, గుర్రం సి6, బిషప్ సి4, గుర్రం ఎఫ్6 వస్తే చాలు, గుర్రం జి5కి దూకేది. ఎఫ్7 మీద గురి. నల్లవాడు డి5 ఆడి, బంట్లు మారాక డి5 బంటును గుర్రంతో తీస్తే, ఎఫ్7లో గుర్రాన్ని బలిచ్చి రాజును బయటికి లాగడం. ఫ్రైడ్ లివర్ అనే ప్రసిద్ధమైన దాడి. ఆ రేటింగ్ దగ్గర దానితో ఆటలు కుప్పలుగా గెలిచాడు. నేనూ బలయ్యాను.

1900 దగ్గరికి రాగానే అది ఆగిపోయింది. అక్కడివాళ్ళు డి5 బంటును తీయరు, గుర్రాన్ని ఎ5కి తిప్పి సి4 బిషప్ మీద పడతారు. తెల్లవాడికి ఒక బంటు ఎక్కువ మిగులుతుంది గానీ చొరవంతా నల్లవాడి చేతికి పోతుంది. దాడి చేయడమే తెలిసినవాడు పదిహేను ఎత్తులు కాపాడుకుంటూ కూర్చోవాల్సి వచ్చింది. అది అతనికి చేతకాలేదు. ఆ రేటింగ్ దగ్గరే చాలా నెలలు ఉండిపోయాడు. ఇంకా పదునైన గాంబిట్లు (బంటును ఎరగా వేసే ఓపెనింగులు) వెతికాడు, వారానికో ఓపెనింగ్ మార్చాడు, రేటింగ్ ఇంకా జారింది.

మార్పు ఎక్కడ మొదలైందంటే, ఓడిన ఆటల్ని ఇంజిన్ లేకుండా చూడడం దగ్గర. ఆట అవగానే మనందరం ఏం చేస్తాం? విశ్లేషణ బటన్ నొక్కి, ఎర్ర గుర్తులు చూసి, "అబ్బా, అక్కడా" అనుకుని తర్వాతి ఆటకి వెళ్ళిపోతాం. అతను బటన్ నొక్కేముందు ఒక పని పెట్టుకున్నాడు: ఆట ఏ ఎత్తు దగ్గర చేజారిందో తనే ఊహించి రాసుకోవడం. తర్వాత ఇంజిన్‌తో సరిచూసుకోవడం. మొదట్లో ఊహకీ నిజానికీ పొంతనే ఉండేది కాదట. తను ముప్పయ్యో ఎత్తు అనుకుంటే ఇంజిన్ పదహారు చూపించేది. ఒకసారి చాట్‌లో ఇలా అన్నాడు: "అన్నా, నేను ఓడిపోయాక పది ఎత్తులకి గానీ నాకు తెలీట్లేదు." ఆ ఎడం తగ్గుతున్నకొద్దీ, ఆట మధ్యలో ఎక్కడ ఆగాలో తెలియడం కూడా మొదలైంది. పైన చెప్పిన 38 సెకన్ల అలవాటు ఇక్కడ పుట్టిందేనని నా లెక్క.

ఓపెనింగులు కుదించాడు. తెల్లపావులతో అదే బిషప్ సి4 ఓపెనింగ్ (దాని పేరు ఇటాలియన్), కానీ జి5 దూకుడు మానేసి సి3, డి3తో నెమ్మదిగా. నల్లపావులతో కారో-కాన్ ఒక్కటే. డి4కి ఏం ఆడతాడో చెప్పను, మేమిద్దరం ఇంకా ఆడుకుంటున్నాం! కొత్త వరసలు నేర్చుకోవడానికి పోయే సమయం ఎండ్‌గేమ్‌కి మళ్ళింది. రూక్ ఎండ్‌గేమ్‌లలో లుసెనా, ఫిలిడోర్ అనే రెండు పొజిషన్లున్నాయి. బంటు ఏడో వరసకు చేరి రాజు దాని ముందు నిలబడి ఉన్నప్పుడు, రూక్‌ను నాలుగో వరసకు తెచ్చి చెక్‌లకు అడ్డం పెట్టుకుని గెలవడం మొదటిది. కాపాడేవాడు తన రూక్‌ను మూడో వరసలో నిలిపి ఎదుటి రాజును ముందుకు రానివ్వకుండా, బంటు ఆ వరసకు రాగానే వెనక నుంచి చెక్‌లివ్వడం రెండోది. ఈ రెండూ నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. 1900 నుంచి 2100కి వెళ్ళడంలో వీటి వాటా పెద్దదని అతనే అన్నాడు. నాకు ఆశ్చర్యం వేయలేదు, ఆ ఏడాది మా ఆటల్లో నేను సమం చేయగలిగిన ఎండ్‌గేమ్ ఒక్కటీ గుర్తు లేదు.

పజిల్స్ విషయంలో మాత్రం అతనితో వాదించాను. నేను వేగంగా ఎక్కువ చేయడం మంచిదనేవాణ్ణి. అతను తక్కువ చేసేవాడు, అదీ లీచెస్‌లో థీమ్‌లవారీగా. చెక్‌మేట్‌లు, ఫోర్కులు (ఒకే పావుతో రెండిటి మీద దాడి) వదిలేసి "నిశ్శబ్ద ఎత్తు", "రక్షణ ఎత్తు" అనే థీమ్‌లు పట్టుకున్నాడు. చెక్ ఉండదు, పావు తీయడం ఉండదు, బెదిరింపు కూడా వెంటనే కనపడదు, అయినా గెలిపించే ఎత్తు అదే. వాటికి ఒక్కోదానికి ఐదేసి నిమిషాలు కూర్చునేవాడట. ఇద్దరి రేటింగులూ చూస్తే వాదన ఎవరు గెలిచారో మీకే తెలుస్తుంది.

2100 తర్వాత ఎదుగుదలంతా ఆట బయట జరిగిందని చెప్పాలి. ఒక రాత్రి వరసగా ఓడిపోతూ, పోయింది తిరిగి రాబట్టుకోవాలన్న పంతంతో ఆడుతూ 150 పాయింట్ల దాకా పోగొట్టుకున్నాడు. టిల్ట్ అంటారే, అది. ఆ మర్నాటి నుంచి ఒక నియమం: వరసగా రెండు ఓడితే ఆ రోజుకి రేటింగ్ ఆటలు బంద్. మరీ పిల్లల నియమంలా ఉంటుంది, కానీ అతని రేటింగ్ గ్రాఫ్‌లో ఆ తేదీ తర్వాత లోతైన గుంతలు కనపడవు. 2100 నుంచి 2350 దాకా గీత నిదానంగా పైకి పోతుంది, మధ్యలో రెండు పొడుగాటి చదునైన ముక్కలు.

లోపాలు లేవని కాదు. సిసిలియన్ (ఇ4కి సి5 జవాబు) ఎదురైతే ఇప్పటికీ తడబడతాడు. క్యాసిలింగ్ చెరో వైపు జరిగిన ఆటల్లో ఒక్కో ఎత్తు తేడాతో చెక్‌మేట్ పడుతుంది కదా, అక్కడ అతని నిదానం ఎదురు తిరుగుతుంది. 2400 మనుషులు ఇది పసిగట్టేసి కావాలనే అటు లాగుతున్నారు. ఈ మధ్య అతని గ్రాఫ్ ఆగింది అందుకేనని నాకనిపిస్తోంది, అతను ఒప్పుకోడు.

ఇక బుల్లెట్. మీరు 1800 దగ్గర ఆగిపోయానన్నారు కాబట్టి సూటిగా చెప్తున్నా: 1+0 ఆటలు ఇప్పుడు వద్దు. ఒక్క నిమిషంలో 38 సెకన్లు ఆగే చోటే లేదు. ఆ ఆటలో పెరిగేది మౌస్ వేగం, ప్రీమూవ్ (ఎదుటివాడు ఆడకముందే మన ఎత్తు వేసి పెట్టుకోవడం) చేసే నేర్పు. అందులోనూ సైట్‌ను బట్టి పద్ధతి మారుతుంది. లీచెస్‌లో ఒకసారికి ఒకే ప్రీమూవ్, దానికి సమయం పోదు. చెస్ డాట్ కామ్‌లో వరసగా చాలా వేసుకోవచ్చు, ఒక్కోదానికి సెకనులో పదో వంతు పోతుంది. నిహాల్ సరీన్ లాంటివాళ్ళ మెరుపు ఆటలు చూసి ఆశపడతాం. అతను 2020లో, 2021లో జూనియర్ స్పీడ్ చెస్ ఛాంపియన్‌షిప్ గెలిచాడు నిజమే, కానీ 2018లో 14 ఏళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. ఆ వేగం వెనక ఉన్న సరుకు మన దగ్గర లేదు.

3+0 కన్నా 3+2 ఆడండి, ఎండ్‌గేమ్ దాకా వెళ్ళినప్పుడు నిజంగా ఆడడానికి ఆ రెండు సెకన్లు ఉంటాయి. వారంలో కొన్ని 10+5 లేదా 15+10 ఆటలు కలపండి. ఇవాళే చేయగలిగిన పని ఒకటుంది. మీరు ఈ మధ్య ఓడిన పది బ్లిట్జ్ ఆటలు తెరిచి, ఎత్తులు వదిలేసి సెకన్లు మాత్రమే చూడండి. అన్నిచోట్లా నాలుగైదు సెకన్లే ఉన్నాయా, లేక ఎక్కడైనా ఆగారా అన్నది కింద కామెంట్‌లో రాస్తే మిగతాది అక్కడ మాట్లాడుకుందాం.